తనిఖీ అధికారి వచ్చేలోపు

విమానం పూర్తయిందని నేను చెప్పిన రోజు మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షులవారు స్వయంగా మిఠాయి పంచారు. విమానం మీద ప్రేమతో కాదు, సెల్లార్‌లో రెండు కార్ల చోటు ఖాళీ అవుతుందని.

మాది అమీర్‌పేట. పక్క సందులోని ఇన్‌స్టిట్యూట్‌లో నేను కంప్యూటర్ మీద మెషిన్ డ్రాయింగ్ నేర్పుతాను. పెళ్ళికి ముందే పైలట్ లైసెన్సు తీసుకున్నాను. నడపడానికి విమానమే దొరక్కపోవడంతో విడిభాగాలు పెట్టెల్లో తెప్పించి, మా ఆయనతో కలిసి సెల్లార్‌లో బిగించడం మొదలుపెట్టాను. ఆయన సోమాజిగూడలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తారు. పగలంతా రోగుల బంధువుల చేత తిట్లు తిని వచ్చే మనిషికి సాయంత్రం పూట అల్యూమినియం రేకులకు రివెట్లు కొట్టడం ధ్యానంలా ఉండేదట. సెల్లార్ మీది ఫ్లాటు వాళ్ళకు ఆ ధ్యానం బాగా వినిపించేది.

విమానాన్ని ఊరి బయటి ఫ్లయింగ్ క్లబ్ షెడ్డుకు చేర్చడానికి రెక్కలు విప్పి లారీకెక్కించాం. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, తాడు విప్పించి మరీ చూశాడు. విమానం రెక్క అని మా ఆయన చెబితే కాసేపు ఆలోచించి, "అయితే ఎగిరి పోరాదుండ్రి, గీ ట్రాఫిక్‌ల ఎందుకు వడ్డరు?" అన్నాడు. అప్పటివరకు మమ్మల్ని అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ అదే తెలివైనది.

షెడ్డులో రెక్కలు మళ్ళీ బిగించాం. ఇక మిగిలింది ఒక్కటే. సొంతంగా కట్టుకున్న విమానం మొదటిసారి నేల విడవాలంటే ప్రభుత్వ అధికారి వచ్చి ఆఖరి తనిఖీ చేసి సంతకం పెట్టాలి. దరఖాస్తు పెట్టాం. ఫోన్ చేస్తే సారు టూర్‌లో ఉన్నారన్నారు. తర్వాత ట్రైనింగ్‌లో ఉన్నారన్నారు. ఆ తర్వాత సారే మారారన్నారు. అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు, ప్రతి గోడకూ ఒక కోర్సు బోర్డు ఉంటుంది. ఓపిక నేర్పే బోర్డు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

ఎట్టకేలకు ఒక తేదీ ఇచ్చారు. మా ఆయన సెలవు పెట్టారు. నేను పులిహోర కలిపాను. తెల్లవారే వెళ్ళి, అధికారి లోపల చూడ్డానికి వీలుగా మూతలన్నీ విప్పాం. రెక్క కింద వేగం కొలిచే సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. దానికి తొడిగిన ఎర్ర గుడ్డ తొడుగు కూడా తీసి పక్కన పెట్టాను. మధ్యాహ్నం దాకా చూశాక ఫోన్ వచ్చింది, వాయిదా పడిందని. కారణం అడిగితే, వాయిదా పడటమే కారణమన్నట్టు మాట్లాడారు. పులిహోర తిని, మూతలు బిగించి, విసురుగా ఇంటికి వచ్చేశాం.

ఆ తర్వాత వారాలు గడిచాయి. రెండో అంతస్తు పిన్నిగారు లిఫ్టులో కనబడ్డప్పుడల్లా, "ఏంటమ్మా, ఇంకా ఎగరలేదా?" అనేవారు. ముదిరిన పిల్లకు సంబంధం కుదరలేదా అని అడిగే గొంతు అది. మా అత్తగారికి మాత్రం విమానం కంటే అధికారి మీదే జాలి. మస్తు పని ఉంటదేమో పాపం అనేవారు.

మళ్ళీ ఒక తేదీ ఇచ్చారు. ఈసారి ఆయన నిజంగానే వచ్చారు. బక్కపలుచని మనిషి, కోస్తా మాట, చేతిలో చిన్న టార్చి, పుల్లకు కట్టిన అద్దం. ఇన్నాళ్ళుగా నేను మనసులో సాన పట్టుకున్న మాటలన్నీ ఆయన మీద విసరడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన అవకాశమే ఇవ్వలేదు. మంచినీళ్ళు కూడా అడక్కుండా విమానం కిందికి దూరారు. ప్రతి బోల్టూ, ప్రతి తీగా చూశారు. చివరికి వేగం కొలిచే గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి, సిరంజితో మెల్లగా గాలి ఒత్తారు. నేను లోపల కూర్చుని మీటరు చూస్తున్నాను, ముల్లు కదలలేదు. మళ్ళీ ఒత్తారు. కదలలేదు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గొట్టంలోకి టార్చి వేశారు.

"ఇందులో ఎవరో ఇల్లు కట్టుకున్నారండి," అన్నారు.

దిగి వచ్చి చూస్తే, కందిరీగ మట్టి గూడు. వాయిదా పడ్డ రోజు కోపంలో మూతలన్నీ బిగించి, ఆ ఎర్ర తొడుగు మాత్రం తొడగలేదు. ప్రభుత్వం ఒక సంతకానికి తీసుకున్న వ్యవధిలో ఆ కందిరీగ స్థలం చూసుకుని, మట్టి మోసి, గృహప్రవేశం చేసి, పిల్లల్ని కూడా పెట్టింది. దానికి ఏ తనిఖీ అక్కర్లేకపోయింది. ఇలా నవ్వుకోగలుగుతున్నది ఇప్పుడు. అప్పుడు మాత్రం తొడుగు మరిచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ మీటరు చచ్చిపోయి ఉండగా గాల్లోకి లేచి, వేగం తెలియకుండా దిగబోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఇక మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ టూరు, మళ్ళీ ట్రైనింగ్ అనుకున్నాను. మా ఆయన ముఖం చూడలేక గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాను. అధికారి చేతులు దులుపుకున్నారు.

"ఇప్పుడు వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తానో నాకే తెలీదమ్మా. శుభ్రం చేయండి. కూర్చుంటాను."

మా ఆయన ఒక ఖాళీ పెట్టె బోర్లించి ఆయనకు చూపించారు. "జర వెయిట్ చేయాలె సార్. టైం పడ్తది," అన్నారు. ఆసుపత్రి కౌంటర్ గొంతు అది. దాన్ని అంత ఆనందంగా వాడటం నేనెప్పుడూ వినలేదు.

మీటరు వైపు నుంచి పైపు విడదీశాను. గొట్టం ఊడదీసి, మట్టి నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాం. అంతసేపూ ఆయన పెట్టె మీద కూర్చుని, ఈసారీ నేను కలిపి తెచ్చిన పులిహోర తిన్నారు. ఉప్పు కాస్త తగ్గిందని కూడా చెప్పారు. తనిఖీలో ఆయన రాసుకోని లోపం అదొక్కటే. తర్వాత సిరంజి ఒత్తితే ముల్లు లేచింది. ఆయన సంతకం పెట్టి, ఒంటరిగానే ఎగరాలనీ రన్‌వేకు దూరం పోవద్దనీ చెప్పి వెళ్ళిపోయారు. సాన పట్టిన మాటలు నా దగ్గరే మిగిలిపోయాయి. థాంక్స్ మాత్రం చెప్పినట్టు గుర్తు.

గాలి లేని ఒక పొద్దున ఎగిరాను. క్లబ్ చుట్టూ పొలాల మీదుగా ఒక చుట్టు తిరిగి దిగాను. భయపడటానికి తీరిక దొరకలేదు, చేతులనిండా పని. ఇంజన్ ఆపి తలుపు తీస్తే మా ఆయన రన్‌వే పక్క గడ్డిలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. వీడియో బాగా వచ్చిందా అని అడిగాను.

"నిన్ను చూస్కుంట తీసుడే మరిచిపోయిన," అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.

అందుకే మా చుట్టాల్లో సగం మంది ఆ విమానం ఎగిరిందంటే ఇప్పటికీ నమ్మరు. నేనూ పట్టుబట్టడం మానేశాను.