మచ్చలు పడని ఫొటో

మనిషి ముఖంలోని వేడిని ఫొటో తీసే కెమెరా ఒకటి మా కాలేజీ ల్యాబులో ఉండేది. ఆ వేడిని బట్టి ఫలానా మనిషని కంప్యూటరు గుర్తుపట్టాలి. అదీ నా ఎంటెక్ ప్రాజెక్టు. ముఖాలు చాలక, మా సారు కాళ్లావేళ్లా పడి, ఒక ఆదివారం ఆ కెమెరాను అనకాపల్లిలో మా ఇంటికి తెచ్చుకున్నాను.

చర్చి నుంచి వచ్చినవాళ్లంతా కెమెరా ముందు కూర్చున్నారు, మా అప్ప తప్ప. అప్పంటే మా అక్క. ఇంట్లోనే మిషను కుట్టేది. చిన్నతనంలోనే ముఖమంతా బొల్లి మచ్చలు వచ్చాయి. అప్పట్నుంచీ ఒక్క ఫొటో దిగలేదు. పెళ్లిళ్లలో కెమెరా కనబడితే వంటల దగ్గరకు పారిపోయేది.

"ఇందులో రంగు పడదే అప్పా, వేడే పడతాది" అని బతిమాలాను. సరేనని లేచి, సబ్బుతో ముఖం కడుక్కుని, పౌడరు రాసుకుని మరీ వచ్చింది. ఫొటో అంటే మావాళ్లకి అదే పద్ధతి మరి! చన్నీళ్లకు చల్లబడ్డ ముఖం తెర మీద మసిగుడ్డలా వచ్చింది.

"ఎవులు కడుక్కోమన్నారే నిన్ను? మొత్తం పాడు సేసేవు!" అని అరిచాను.

"ముఖం కడుక్కోకుండా ఫొటో ఏటిరా?" అంది, చిన్నబోయి.

అరగంట ఆగి మళ్లీ తీశాను. ఈసారి తెల్లగా, నిండుగా వచ్చింది. అప్ప తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసింది.

"ఇది నానేనేటి? మచ్చలు లేవేటిరా?"

"ఇందులో అవి పడవే."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకో కాపీ తెచ్చిపెట్టరా. గోడకెట్టుకుంతాను."

వచ్చే ఆదివారం తెస్తానన్నాను. తేలేదు. ప్రాజెక్టు అయింది, ఉద్యోగమూ వచ్చింది, ఆ ఒక్క కాగితం ప్రింటు తీయడానికి మాత్రం ఈ దొరగారికి తీరిక దొరకలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది అప్ప. పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు చేసే ఆదరణ కూడికలో పెట్టడానికి ఫొటో కావాలన్నారు. ఇల్లంతా వెతికినా ఒక్కటి దొరకలేదు. అప్పుడు తీయించాను ప్రింటు, సిగ్గులేకుండా. ఫ్రేము కట్టించి అమ్మ చేతికిచ్చాను.

అమ్మ అద్దాన్ని కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది.

"ఎవులిదిరా ఇది?"

"అప్పదేనే అమ్మా."

"నా పిల్ల ముఖం నాకు తెలవదేటిరా?" అంటూ ఫ్రేము మంచం మీద బోర్లించేసింది. నా చొక్కా పట్టుకుని, "దాన్ని ఓపాలి సూపించరా, ఒక్కపాలి" అని ఏడ్చింది.

నా దగ్గర ఇంకో ఫొటో లేదు.