పుట్టింటి ఊరి కింద చీటి

నాకు మనవరాలు పుట్టింది! తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం! చదివే మీకందరికీ ఈ మాట ముందు చెప్పకుండా ఉండలేకపోయాను, పెద్దవాడిని, మన్నించండి. రెండో కబురు మంచిది కాదు. మార్కాపురంలో డాక్టరమ్మ ఆసుపత్రిలో రోగుల చీట్లు చూసే పెద్దాయన మొన్న ఆదివారం తెల్లవారుతుండగా కన్నుమూశారు. ఒకే వారంలో రెండు కబుర్లు. దేనికి కళ్లు తుడుచుకుంటున్నానో నాకే తెలియడం లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను కొనకనమిట్ల దగ్గర ఆముదాలు, సజ్జలు వేసుకునే రైతును. ఆయన ఆ ఆసుపత్రి కట్టిన క్రైస్తవ మిషను పాలెంలో పుట్టి పెరిగిన మనిషి. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్ముడా అనేవారు. ఆసుపత్రి వసారా చివరి గది ఆయనది. గోడ పొడుగునా చెక్క అరలు, అరల్లో చీట్ల కట్టలు. ఎవరికి ఏ జబ్బు, ఏ మందు ఇచ్చారు, తగ్గిందా లేదా అన్నీ ఆ చీట్లలో ఉండేవి. ఊరి కట్టకూ ఊరి కట్టకూ నడుమ ఒక పలక ముక్క నిలబెట్టేవారు. పలకరాయి గనుల దగ్గర విరిగి పడిన పలకలు ఏరి తెచ్చుకుని, మేకుతో ఊరి పేర్లు గీకేవారు. "అట్టయితే చెదలు తింటాది తమ్ముడా, రాయిని ఏం తింటాది?" అనేవారు.

వానలు పోగానే కట్టలన్నీ ఆవరణలో ఎండకు పరిచి, నడుమ గొడుగు వేసుకుని కూర్చునేవారు. ఒకసారి ఒక మేక వచ్చి మూతి పెట్టింది. "ఓసి దీని దుంప తెగ! గిద్దలూరోళ్ల చలిజ్వరాలన్నీ నువ్వే తింటావేందే!" అని గొడుగు పట్టుకుని దాని వెంట పడ్డారు. జ్వరంతో వచ్చిన వాళ్లు కూడా నవ్వారు.

ఆడవాళ్ల చీటి మీద మగని పేరు రాయాలి. మన ఆడవాళ్లేమో ఆ పేరు నోటితో పలకరాయె. ఒకనాడు నా ముందరే ఒకామెను అడిగారు.

"మీ ఆయన పేరేంది తల్లీ?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీ, దేవుడి పేరా? ఏ దేవుడు?"

"పొద్దున్నే తూరుపున వస్తాడు గదా, ఆయన."

"సూర్యనారాయణ! మీ ఆయన గూడా పొద్దున్నే లేస్తాడా ఏంది?"

"ఆయనా? బారెడు పొద్దెక్కినాక!"

ఇంతా చేసి పేరు రాబట్టినా చిక్కు తీరేది కాదు. ఆడపిల్ల తొలి కాన్పుకు పుట్టింటి నుంచి వస్తుంది, మలి కాన్పుకు అత్తగారింటి నుంచి వస్తుంది. మనిషి ఒకతే, చీట్లు రెండూళ్ల కింద పడతాయి. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆడవాళ్ల చీటి ఎప్పుడూ పుట్టింటి ఊరి కిందే. "మొగుడు బతకపోయి ఊరు మారొచ్చు తమ్ముడా. పుట్టిన ఊరు యాడికి పోతాది?" అనేవారు.

ఆ పద్ధతే నా బిడ్డను కాపాడింది.

మా అమ్మాయి తొలి కాన్పు మా ఇంట్లో జరిగింది. బిడ్డ దక్కలేదు. నెత్తురు ఆగకపోతే తల్లిని బండిలో వేసుకుని ఈ ఆసుపత్రికే తెచ్చాము. లోపల ఏం చేశారో మా ఆవిడకు తెలుసు. మగవాణ్ణి, నాకెవరూ చెప్పలేదు. పిల్లకేమో ఒంటి మీద తెలివి లేదు. తరువాత మా ఆవిడ పోయింది. అప్పటి దొరసాని డాక్టరమ్మ వాళ్ల దేశం వెళ్లిపోయింది.

ఈసారి పిల్లకు నెలలు నిండుతుంటే వియ్యపురాలు దర్శి నుంచి చూపించడానికి తీసుకువచ్చింది. కబురు తెలిసి నేనూ వెళ్లాను. ఇప్పటి డాక్టరమ్మ అడిగింది, పోయినసారి నెత్తురు ఎందుకు పోయిందని. నేనేం చెప్పను? పోయిందని తెలుసు గానీ ఎందుకో తెలియదు. వియ్యపురాలు అడ్డం వచ్చింది.

"ఆ పాత మాటలు ఇప్పుడెందుకమ్మా, శుభమా అని వచ్చినాం. కొత్త చీటి రాయించు, ఇంటికి పోతాం. నేను ఏడుగుర్ని కన్నా, ఒకణ్ణి చేలోనే కన్నా."

గుమ్మంలో నిలబడిన పెద్దాయన, మా ఊరు తెలిసినా అలవాటు కొద్దీ పిల్లనే అడిగారు. "బిడ్డా, నీ పుట్టిల్లు ఏ ఊరు?"

"నీకెందుకయ్యా పుట్టిల్లు? దర్శి నుంచి వచ్చినాం మేము" అంది వియ్యపురాలు.

మా అమ్మాయి మెల్లగా ఊరి పేరు చెప్పింది. ఆయన ఆయాసపడుతూ గదిలోకి వెళ్లి చీటి పట్టుకుని వచ్చారు. డాక్టరమ్మ చదివి మాకు విడమరచి చెప్పింది. బిడ్డ పుట్టాక మాయ పడలేదట, చేయి పెట్టి తీయవలసి వచ్చిందట. మళ్లీ కాన్పు ఇంట్లో చేయవద్దని కింద గీత గీసి మరీ రాసి ఉందట.

వియ్యపురాలు ఇంకా గొణుగుతూనే ఉంది. పెద్దాయన ఆమె ఎదుట నేల మీద కూర్చున్నారు. "నువ్వు ఏడుగుర్ని కన్నావక్కా, నీ ఒళ్లు గట్టిది. ఈ పిల్ల ఒళ్లు ఈ పిల్లది. నీ కోడల్ని బతికించుకుని పో."

 వియ్యపురాలు మూట విప్పి, కాన్పు దాకా ఉండడానికి ఆసుపత్రి వెనక పాకలో పొయ్యి రాళ్లు పెట్టుకుంది.

కాన్పు నాడు పోయినసారి జరిగిందే మళ్లీ జరిగింది. డాక్టరమ్మ అన్నీ సిద్ధంగా పెట్టుకుని ఉంది గనుక నా తల్లి నాకు దక్కింది!

నేను పాలెంలోకి పరుగెత్తాను. అప్పటికి పెద్దాయన మంచం పట్టి ఉన్నారు.

"మనవరాలు అన్నా!"

"తల్లి?"

"బాగుంది."

తల దిండు మీంచి ఎత్తారు. "పాపకు చీటి రాసినారా? ఏ ఊరి కింద పెట్టినారు?"

"మా ఊరి కిందే అనుకుంటా."

"నీ ఊరేంది తమ్ముడా! దాని పుట్టిల్లు దర్శి గదా. ఇప్పుడే సరిగా పెట్టమను, పెండ్లి అయినాక వెతుక్కోవద్దు." నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. భార్య వీపు నిమిరింది. ఆయనతో నా ఆఖరి మాటలు అవే.

ఇంక ఈ కబుర్లు రెండూ అందవలసిన వాళ్లు మిగిలారు. ఊళ్లో మా పెద్దన్న. పొదిలిలో మా అక్క, చెవుడు, గట్టిగా చెప్పాలి. గిద్దలూరు స్టేషను దగ్గర దుకాణం పెట్టుకున్న మా బావమరిది. నంద్యాలలో మా పినతండ్రి కొడుకులు. కంభంలో వియ్యపురాలి చిన్న కూతురు. ఆ పిల్లకు ఇది ఏడో నెల, పోయినేడు తొలి కాన్పులో కష్టపడిందని ఇప్పుడే బయటపడింది. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పనక్కర లేదంది వియ్యపురాలు. కూతుర్ని ఈ ఆసుపత్రికి వెంటబెట్టుకుని రావడానికి ఈ పొద్దున బండి కట్టించుకుని, దుప్పటి పరిచి, తానే వెళ్లింది.