తాళం మా ఆయన చేతిలో పెట్టాడు

ఈ రోజు కొత్త పికప్ బండి చూద్దామని మా ఆయనతో కర్నూలు వెళ్లాను. మా పాత పికప్‌లో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, మార్కెట్‌కు తోలేది నేనే. ఆయనకు స్టీరింగ్ పట్టడం కూడా రాదు. గేర్ల బండా, ఆటోమేటిక్కా అన్నది తేల్చుకోవాల్సింది నేను.

“నల్లరేగడి బురదలో లోడుతో దిగబడితే ఏది బాగా లాగుతాది?” అని సేల్స్‌మన్‌ను అడిగాను.

అతను మా ఆయన వైపు తిరిగి, “గేర్లదైతే నువ్వు తోలుకుంటావన్నా. అక్క నేర్చుకుంటానంటే ఆటోమేటిక్ తీస్కో” అన్నాడు.

మా ఆయన మీసం సవరించుకుని తలూపాడు! ఒక రౌండు వేసి రమ్మని తాళం కూడా ఆయన చేతిలోనే పెట్టాడు ఆ మహానుభావుడు.

“మోకాలు నొప్పిగా ఉండాదప్పా, ఇంకోసారి చూస్తాలే” అన్నాడు మా ఆయన.

బయటికి రాగానే నిలదీశాను. “తోలేది నేనని చెప్పేకి నోరు రాలేదా?”

“అంతమందిలో యాడ చెప్పేది మే!”

ఆయన్ను అక్కడే వదిలేసి, పాత బండిలో ఒక్కదాన్నే ఇంటికొచ్చేశాను. కొనేది గేర్ల బండే, కానీ ఆ షోరూంలో మాత్రం కాదు. ఆడమనిషి ముఖం చూసి జవాబు చెప్పే షోరూం కర్నూలులో ఎక్కడైనా ఉంటే కామెంట్లో చెప్పండి.

ఆయన ఇంకా ఇల్లు చేరలేదు. బస్సుకు డ్రైవరు ఉంటాడు కాబట్టి క్షేమంగానే వస్తాడు.