‘ఏం కాదు’ అనని డాక్టరమ్మ

డాక్టర్ సుభద్రమ్మ గారు కన్నుమూశారన్న వార్త గురువారం ఉదయం పటాన్‌చెరులోని మా ల్యాబుకు ఫోనులో చేరింది. మైక్రోస్కోపు కింద స్లైడు మీది రక్తకణాలను మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకోవలసి వచ్చింది. ఇరవయ్యేళ్ళు ఆమె కాన్పుల ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసిన నాకు, ఆమె లేని ఉదయం ఒకటి వస్తుందని ఏనాడూ తోచలేదు.

మేడం ఆసుపత్రిలో ఒక మాటకు నిషేధం ఉండేది: ‘ఏం కాదు’. రోగి భయపడితే మనందరి నోటా అలవోకగా వచ్చే ఆ అభయం ఆమె ఒక్కనాడూ ఇవ్వలేదు. కొత్త నర్సు ఎవరైనా నోరు జారితే, "నీకెట్ల తెల్సు?" అని అడిగేవారు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే. జిజ్ఞాస ఆమె సహజ స్వభావం.

పదహారేళ్ళ కిందట, బొల్లారంలో మందుల ఫ్యాక్టరీకి షిఫ్టు పనికి పోయే మల్లేశం భార్య సుగుణకు తొలికాన్పు అయింది. పసికందు ఒళ్ళంతా ఎర్రని చుక్కలు. నెత్తురు కారకుండా ఆపే ప్లేట్‌లెట్ కణాలు స్లైడు మీద దాదాపు కనిపించలేదు. నమూనా పాడైందనుకొని పారేసి, మరొకటి తెప్పించాను. అదీ అంతే. మెదడులో రక్తస్రావమై మూడోనాడు బిడ్డ పోయాడు. నా ఆలస్యమే ప్రాణం తీసిందా అని ఏడుస్తూ అడిగితే మేడం ఓదార్చలేదు. "తెల్వదు బిడ్డా. రెండు గంటలైతే పోయినయి. ఇగ పారేయకు, మళ్ళొకసారి సూడు" అన్నారు. ఆ నిజాయితీయే నన్ను నిలబెట్టింది.

ఊరంతా ఫ్యాక్టరీ గాలిని తిట్టింది. మేడంను మాత్రం ఒక ప్రశ్న వెంటాడింది: తల్లి ప్లేట్‌లెట్లు నిక్షేపంగా ఉండగా బిడ్డవే ఎందుకు పడిపోయాయి? దంపతులిద్దరి రక్తం దూరపు ల్యాబుకు పంపించారు. జవాబు వచ్చిన రోజు చాయ్ చల్లారిపోతున్నా మాకు వివరిస్తూనే ఉన్నారు. తండ్రి నుంచి బిడ్డ కణాలకు వచ్చిన ఒక గుర్తు తల్లి కణాలపై లేదట. దాన్ని పరాయిదని ఎంచి తల్లి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, గర్భంలోని మాయను దాటి బిడ్డ కణాలను హరించాయట.

సుగుణ మళ్ళీ గర్భవతి అయింది. కడుపులోని బిడ్డ బొడ్డుతాడులోకి సూది పంపి ప్లేట్‌లెట్లు లెక్కిద్దామన్నారు నగరంలోని నిపుణులు. మేడం దంపతులను కూర్చోబెట్టి, తూకం వాళ్ళ ముందే వేశారు. కణాలు తక్కువుంటే ఆ సూదిపోటే ఆగని రక్తస్రావం కావచ్చు. ఆ సూది లేకుండా, ప్రతిరక్షకాల దాడిని తగ్గించే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు తల్లికి వారం వారం ఎక్కిస్తే తలనొప్పులు, జ్వరాలు, అరుదుగా అంతకు మించిన ప్రమాదం. బిడ్డకు ఆ గుర్తు రాకపోతే ఆ బాధంతా వృథా. ఏమీ చేయకపోతే తొలిబిడ్డ గతే పట్టవచ్చు. మల్లేశం మీరే చెప్పండని బతిమాలాడు. సుగుణ మాత్రం, "సూది వద్దు మేడం. నా తలనొప్పి నేను ఓర్సుకుంట. లోపలున్నది ఎట్ల ఓర్సుకుంటది?" అంది. మేడం కళ్ళు చెమర్చడం నేను చూసింది అప్పుడే.

కాన్పు నగరంలోని పెద్దాసుపత్రిలో. మేడం నన్నూ వెంటబెట్టుకొని వెళ్ళారు. ఆపరేషన్‌తో ఆడపిల్ల పుట్టింది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ప్లేట్‌లెట్లు తక్కువే, కానీ ఎక్కడా రక్తం కారలేదు. సుగుణ ప్లేట్‌లెట్లనే తీయించి, ప్రతిరక్షకాలున్న ద్రవం పోయేలా కడిగించి, పిల్లకు ఎక్కించారు. వాటిపై తండ్రి గుర్తు లేదు గనుక అవి నిలిచాయి. "తల్లి నెత్తురే సంపవట్టె, తల్లి నెత్తురే బతికియ్యవట్టె. గమ్మత్తు గాదె?" అంటూ మేడం చిన్నపిల్లలా మురిసిపోయారు.

గత నెల ఆమె మంచం పట్టారు. కాలిలో నెత్తురు గడ్డ. అది పెరగకుండా మందు ఇస్తే కడుపులో రక్తస్రావం. ఇన్నేళ్ళూ పరుల కోసం వేసిన తూకం చివరికి ఆమె మంచం దగ్గరికే వచ్చింది. చూడబోయిన నేను దుఃఖం ఆపుకోలేక "ఏం కాదు మేడం" అనేశాను. ఆమె నవ్వి, "నీకెట్ల తెల్సు?" అన్నారు. నేను విన్న చివరి మాట అదే.

అంత్యక్రియలకు సుగుణ కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. సుగుణ నా చేయి పట్టుకొని, "ఇగ మనకెట్ల అక్కా?" అని అడిగింది. మేడం లేని లోటు తీరేది కాదు. ఆ మహనీయురాలికి నేను అర్పించగలిగిన నివాళి ఒక్కటే. సుగుణతో ‘ఏం కాదు’ అనలేదు.