పసుపు బొట్ల టైర్లతో ఆటోక్రాస్‌కి

పోయిన ఏడాది ఆటోక్రాస్‌కి వెళ్లిన ప్రతిసారీ కొత్తవాళ్ల క్లాసులో ఆఖరి స్థానం నాదే. ఆటోక్రాస్ అంటే తెలియనివాళ్లకి చెబుతాను: పెద్ద పార్కింగ్ లాట్‌లో నారింజ రంగు కోన్లు పేర్చి మలుపుల దారి వేస్తారు. ఒక్కో కారూ విడిగా, గడియారంతో పోటీ పడుతూ నిమిషం లోపు ఆ దారంతా తిరిగి రావాలి. ఆఖరున వచ్చిన ప్రతిసారీ నేను తప్పు టైర్ల మీదకి నెట్టేదాన్ని. మా ఆయన కిశోర్ మాత్రం, "మార్చాల్సింది టైర్లని కాదు మాధవీ, డ్రైవర్ని," అని నవ్వేవాడు. ఆ మాట బాగా గుచ్చుకుంది. ఈ వసంతంలో పంతం పట్టి కొత్త చక్రాలూ టైర్లూ కొనేశాను. కొన్నాక గానీ తట్టలేదు, ఈసారి కూడా ఆఖరున వస్తే చెప్పుకోవడానికి నాకు సాకు మిగల్లేదని.

కొనేటప్పుడు ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. మా హ్యాచ్‌బ్యాక్‌తో వచ్చినవి పదిహేడు అంగుళాల చక్రాలు. మా క్లాసు నిబంధనల ప్రకారం ఒక అంగుళం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, వెడల్పు మాత్రం మారకూడదు. కిశోర్‌ది భీమవరం, దర్జా ఎక్కువ. "పద్దెనిమిది తీసుకుందాం. మన వీధిలో అందరూ తిరిగి చూడాలి," అన్నాడు. "వీధిల తిప్పనీకి కాదు కొనేది," అన్నాను నేను. పదహారు అంగుళాలవి తేలిగ్గా ఉంటాయి, కారు చటుక్కున వేగం అందుకుంటుంది, వాటి టైర్లూ చవక. అయితే బ్రేకులకి రాసుకోకుండా పడతాయో లేదో ఒక చక్రం తగిలించి చూశాకే కొన్నాను, మీరూ అలాగే చేయండి. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. అది తగ్గేకొద్దీ సాధారణంగా రబ్బరు నేలని గట్టిగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరిగిపోతుంది. మాకు రెండు వందలకి తగ్గకూడదు కాబట్టి సరిగ్గా రెండు వందలవే తీసుకున్నాను. ఒక్కో టైరు నూట అరవై డాలర్లు పడింది.

శనివారం వాటిని అరోరాలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న గుడికి తీసుకెళ్లాం. కారు మెకానిక్ దగ్గర ఉండడంతో స్నేహితుల వ్యాన్‌లో చక్రాలు మాత్రమే వేసుకెళ్లాం. "వాహన పూజ అన్నారు, వాహనం ఏదమ్మా?" అని పంతులుగారు అటూ ఇటూ చూశారు. "అది షెడ్డుల ఉందండి. కొత్తవి ఇవే," అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, నిమ్మకాయలు పెట్టేది ఎలాగూ వీటి కిందే కదా," అంటూ ఒక్కో టైరు అంచు చుట్టూ పసుపు ముద్దతో దట్టంగా బొట్లు పెట్టారు. కిశోర్ నవ్వు ఆపుకోలేక చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి వెళ్లిపోయాడు.

ముందు రోజు సాయంత్రం షెడ్డు నుంచి తెచ్చుకున్న మా కారులోనే ఆదివారం ఉదయం ఐదున్నరకి బయలుదేరాం. వెనక సీట్లు మడిచి చక్రాలు పడుకోబెట్టి, పక్కన జాకీ, నట్లు లెక్కగా బిగించే టార్క్ రెంచ్, పులిహోర డబ్బా సర్దాం. ఐ-88 హైవే మీద పడమరకి వెళ్లి, రోషెల్ దగ్గర ఐ-39 ఎక్కి, రాక్‌ఫర్డ్ మీదుగా విస్కాన్సిన్‌లోకి దాటితే పోటీ జరిగే చోటికి మొత్తం గంటా ముప్పావు. దారికిరువైపులా దున్నిన మొక్కజొన్న చేలు, పలుచటి మంచు. ఎంతో ఇష్టమైన దారి, కానీ ఆ రోజు నా ధ్యాస దాని మీద లేదు.

"ఏంటి, నోరు విప్పట్లేదు?" అన్నాడు కిశోర్.

"సాకులు ఎతుకుతున్న. ఒక్కటి గూడ దొరుకుతలేదు."

అక్కడ ఎంట్రీ ఫీజు మనిషికి అరవై డాలర్లు. మనిషికి అని ఎందుకంటున్నానంటే, ఇదెంత తేలికో చూపిస్తానని కిశోర్ కూడా మా కారుకే రెండో డ్రైవర్‌గా పేరిచ్చేశాడు. ఇద్దరం కలిసి చక్రాలు మార్చి, రెంచ్ టిక్ అనేదాకా నట్లు బిగించాం. తనిఖీ చేసే ఆయన ఒక్కో చక్రాన్నీ పట్టుకుని ఊపి చూసి సరేనన్నాడు. ఒక్కొక్కరికి నాలుగు రన్‌లు, అంటే నాలుగు చుట్లు; వాటిలో మంచి టైమే లెక్క. నా మొదటి రన్‌లో మలుపు తిప్పిన ప్రతిచోటా కారు ముందుభాగం జారిపోయింది. టైము చూస్తే పోయిన ఏడాదిలాగే ఉంది. నా గుండె జారిపోయింది.

అప్పుడు పక్క కారు ఆవిడ వచ్చింది. పేరు కేథీ, పళ్ల డాక్టరు, చాలా ఏళ్లుగా పోటీ చేస్తోంది. "మీ పసుపు రంగు సుద్ద భలే ఉంది, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. గాలి ఎంత ఉండాలో తెలుసుకోవడానికి వీళ్లంతా టైరు అంచున సుద్దతో గీతలు గీస్తారట. మా బొట్లు చూసి అవే అనుకుంది. గుడి సంగతి చెబితే పగలబడి నవ్వి, మోకాళ్ల మీద కూర్చుని చూపించింది. "సుద్ద అంచు దాకా చెరిగితే సరిపోయినట్టు. మీకు ముందు టైర్ల మీద పక్కనున్న అక్షరాల దాకా చెరిగింది. గాలి తక్కువై టైరు మడతపడుతోంది." మేం కారు తలుపు మీద రాసి ఉన్నంతే కొట్టించాం మరి. ముందు టైర్లకి ఐదు పాయింట్లు పెంచాను.

రెండో రన్‌లో కారు నా మాట వింది. స్టీరింగ్ తిప్పితే తిరిగింది, అంతే. హెల్మెట్ లోపల నేను గట్టిగా నవ్వుతున్నానని దారి చివర్లో గానీ గమనించలేదు. టైము మూడు సెకన్లు తగ్గింది. తర్వాతి రెండు రన్‌లలో ఇంకొంచెం తగ్గించాను. నా రన్‌ల మధ్య కిశోర్ తనవి నడిపాడు. మధ్యాహ్నం ఫలితాలు అంటించాక జాబితాని కింది నుంచి చదవడం మొదలుపెట్టాను, అలవాటు కదా. ఆఖరున కిశోర్ పేరుంది. నాది తన పేరుకి పైన, ఇంకో నలుగురిని దాటి. కేథీకి పులిహోర పెట్టి, ఆవిడ కారుకి పూజ ఎలా చేయించాలో సంతోషంగా చెప్పాను.

తిరుగు దారిలో రాక్‌ఫర్డ్ వస్తుండగా కిశోర్, "నువ్వు నడిపి నడిపి టైర్లు వేడెక్కించేశావు, అందుకే నా వంతుకి అవి నేలని సరిగ్గా పట్టలేదు," అన్నాడు. అరోరా వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

మంచి టైర్లు కొంటే వేగం వస్తుందనుకున్నాను. ముందుగా వచ్చింది భయం. తప్పు ఎవరి మీదా వేయలేని స్థితిలో స్టార్ట్ లైన్ దగ్గర నిలబడడం నాకదే మొదటిసారి, అందుకే ఆ మూడు సెకన్లు పూర్తిగా నావి అనిపించింది. మీరూ వెళ్లేటట్లయితే ఒక్క చిట్కా: ఒకే కారు ఇద్దరు నడుపుతుంటే నీళ్ల స్ప్రే బాటిల్ వెంట ఉంచుకోండి. ఒకరు దిగగానే టైర్ల మీద కొడితే వేడి తగ్గుతుంది. కిశోర్ కోసం నిన్న నేనే ఒకటి కొన్నాను. ఇక తనకీ సాకు లేదు.