ఊపిరి గురించి అడిగిన నర్సు

నాకు బైపోలార్ జబ్బని తెలిసి ఆరేళ్లయింది. మందులు వేసుకుంటాను, యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఈ పరాయి దేశంలో, బుకిట్ బటోక్ అనే పేటలోని ఫ్లాట్‌లో మా ఆయనా నేనూ హాయిగానే ఉంటాం. కిందటేడు ఒకసారి మాత్రం నా నిద్ర పూర్తిగా పోయింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఒకచోట కూర్చోలేకపోయాను. నోరు ఆగలేదు. మా ఆయన టాక్సీ పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

నాకు సూదంటే భయమని విని, పీల్చే మందు ఒకటుందన్నాడు డాక్టరు. ఒక్కసారి పీలిస్తే కొద్ది నిమిషాల్లోనే మనసు నెమ్మదిస్తుందట. మా ఆయన సరేనన్నాడు.

అప్పుడు నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. యాభై దాటిన మలయ్ ఆవిడ.

"ఆస్తమా ఉందా? ఆయాసం, పిల్లికూతలు? సిగరెట్ అలవాటు? ఎప్పుడైనా ఇన్‌హేలర్ వాడిందా?"

అన్నిటికీ మా ఆయన "లేదు" అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకి తెలిసింది అంతే.

నేను మాట్లాడుతూనే ఉన్నాను. ల్యాబ్ ఫ్రిజ్, తప్పిన ట్రైన్, పొగ రోజులు, నీలం పంపు, మళ్లీ ఫ్రిజ్.

"పట్టించుకోకండి, మూడ్రోజులుగా ఇలాగే ఉంది" అన్నాడాయన.

నర్సు కలం పక్కన పెట్టి నా ఎదురుగా వంగింది. "ఏ పంపు? నాకు చెప్పు."

చెప్పాను. అంతకుముందు ఏడాది పక్కదేశం అడవుల పొగ ఊరంతా కమ్మినప్పుడు, ఛాతీలో ఈల వేసినట్టు శబ్దం వచ్చేది. దగ్గర్లోని క్లినిక్‌లో నీలం ఇన్‌హేలర్ ఇచ్చారు. ఆయన అప్పుడు ఆఫీసు పని మీద హైదరాబాద్‌లో ఉన్నాడు.

మా ఆయన మొహం పాలిపోయింది. డాక్టరు నా వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. "ఇప్పుడు ఏమీ వినపడట్లేదు. అయినా ఇది ఇవ్వను" అని, నాలుక మీద కరిగే మాత్ర ఇచ్చాడు. అది పనిచేయడానికి కాస్త ఎక్కువ సేపే పట్టింది. తర్వాత నిద్రపోయాను, మూడు రోజుల బాకీ తీరేలా.

మర్నాడు నర్సుని అడిగాను, ఆ మందుతో ఏమయ్యేదని.

"ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకి మంచి మందే. ఆస్తమా ఉన్నవాళ్లకి మాత్రం ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవచ్చు. అందుకే ఇంటికి ఇచ్చి పంపం. ఇక్కడే పీల్పించి, గంటసేపు దగ్గరుండి ఊపిరి చూస్తూ ఉంటాం. నీ విషయంలో అంతదాకా రానివ్వలేదు, నువ్వే చెప్పావుగా" అంది.

నేనే చెప్పాను. ఆ స్థితిలో కూడా నా మాట ఒకటి పనికొచ్చిందంటే ఎంత తృప్తిగా అనిపించిందో.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మా ఆయన, ఇంటికొచ్చాక.

"రెండు వారాల్లో తగ్గిపోయింది. చెప్పేదేముందనుకున్నా."

ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని నా జబ్బులూ మందులూ అన్నీ ఒక కాగితం మీద రాశాం. ఒక కాపీ ఆయన పర్సులో ఉంటుంది. ఇప్పుడు డాక్టరు ఏదడిగినా మా ఆయన మొదట నావైపు చూస్తాడు.