ఎవర్నీ దాటని ఎమెట్

ఎమెట్ స్ట్రూబెల్ తన జన్మలో ఇంకో కారుని దాటి ఎరగడు.

కారు లేక కాదు. అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న కార్డినల్ హిల్ ట్రాక్‌కి శనివారాలు సొంత కార్లేసుకుని సరదాగా తోలుకోవడానికి వచ్చే జనంలో, అందరికంటే బలిసిన కారు అతనిదే. గుమ్మడిపండు రంగు, మంచమంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్. తాళం తిప్పితే పక్క కారు మీద పెట్టుకున్న డోనట్ల పంచదార పొడి రాలిపోయేది. అంత కారు పెట్టుకుని ఎమెట్ చేసే పనల్లా ఒకటే. కిటికీలోంచి ఎడం చెయ్యి బయటికి పెట్టి, వెనకొచ్చేవాళ్ళకి "మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి" అని దారి చూపించడం.

అక్కడ జరిగేవి పందాలు కావు. గెలుపు లేదు, కప్పు లేదు. కొత్తవాళ్ళ గుంపులో అయితే గట్టి నియమం ఒకటుంది. ముందు కారువాడు కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఇటు నుంచి వెళ్ళమని వేలు చూపిస్తేనే వెనకవాడు దాటాలి. అదీ తిన్నటి దారిలోనే. చాలామందికి ఆ చెయ్యి చచ్చినా బయటికి రాదు. ముఖ్యంగా పెద్ద ఇంజన్లవాళ్ళకి. మలుపుల్లో చూడి ఆవులా నడుస్తారు, తిన్నటి దారి రాగానే గర్జించి పారిపోతారు. వెనక చిన్న కారువాడు పళ్ళు నూరుకుంటూ ఉండాల్సిందే. ఎన్నేళ్ళయినా ఆ గుంపులోనే ఉండిపోయిన ఎమెట్‌ది దానికి పూర్తిగా తిరగేసిన జాతకం. అతని చెయ్యి లోపలికి రావడమే అరుదు. ఆగస్టు వచ్చేసరికి ఎడం చెయ్యి ఉడికిన పీత రంగులో, కుడి చెయ్యి పాల రంగులో ఉండేవి. "చర్చిలో ఈయన చేతులు జోడిస్తే ఇద్దరు మనుషులు కలిసి ప్రార్థన చేస్తున్నట్టుంటుంది" అనేది అతని భార్య ఇర్మా.

ఊళ్ళో కూడా అంతే. నాలుగు వైపులా ఆగమని పలకలుండే కూడలి ఒకటుంది అక్కడ. ముందొచ్చి ఆగినవాడు ముందు కదలాలి. ఎమెట్ ఎప్పుడొచ్చినా కదలడు. అందరికీ చెయ్యి ఊపుతాడు. ఒకసారి ఎదుటి వైపు నుంచి పాదిరిగారొచ్చారు. ఆయనా మర్యాదస్తుడే. మీరు ముందంటే మీరు ముందని ఇద్దరూ చేతులూపుకుంటూ కూర్చుంటే, చివరికి పాదిరిగారి పాత కారు వేడెక్కి పొగలు కక్కింది. ఇర్మా దిగి నడుచుకుంటూ ఇంటికెళ్ళి, వంట చేసుకుని, తిని, పడుకుంది.

కారులో ఒక్క మేకు మార్చనిచ్చేవాడు కాదు ఎమెట్. తక్కిన జనం కార్లకి వెనక ఇస్త్రీబల్లల్లాంటి రెక్కలు బిగించేవాళ్ళు, సీట్లు పీకేసేవాళ్ళు, పొగగొట్టాలు మార్చేవాళ్ళు.

"పోనీ టైర్లయినా మంచివి వేయించవయ్యా" అంటే, "షోరూంలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. చేసినవాళ్ళకి తెలీదా ఏం?" అనేవాడు. ట్రాక్ ఎక్కేముందు తనిఖీలో, కారులో కాళ్ళ కింద పరిచే పట్టాలు తీసెయ్యమన్నప్పుడు కూడా వాటిని పట్టుచీరల్లా మడతపెట్టి ఇర్మా ఒళ్ళో పెట్టేవాడు.

ఇక మూడో సంగతి. సగం రౌండ్లు కాగానే ఎమెట్ ట్రాక్ దిగి పిట్‌లోకి, అంటే కార్లు వచ్చి ఆగే పక్కసందులోకి వచ్చేసేవాడు. కాసేపు అక్కడే నిలబడి మళ్ళీ ట్రాక్ ఎక్కేవాడు. ప్రతి శనివారం ఇదే తంతు. అరవై దాటిన మనిషి, పొద్దున్నుంచీ కాఫీ తాగే మనిషి. జనం ఏమనుకుంటారు?

"ఎమెట్‌కి మళ్ళీ ఒంటికొచ్చింది" అని జెండాలు పట్టుకునేవాళ్ళు రేడియోల్లో చెప్పుకునేవాళ్ళు. ఒక క్రిస్మస్‌కి క్లబ్బువాళ్ళంతా కలిసి పసిపిల్లలు ఒంటికి కూర్చునే ప్లాస్టిక్ కుండీకి గుమ్మడిపండు రంగేసి బహుమతిగా ఇచ్చారు. ఎమెట్ ఏమాత్రం నొచ్చుకోకుండా "చాలా బావుంది" అని పుచ్చుకుని, అందులో పూలమొక్క వేసి వాకిట్లో పెట్టాడు.

ఈ జనాన్నంతటినీ అదుపులో పెట్టే పని వాండాది. ఆమె క్లబ్బులో కారు నడపడం నేర్పే పెద్ద టీచరు. మామూలు రోజుల్లో స్కూలు బస్సు నడుపుతుంది. బస్సు అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే వెనక సీట్లో లేచి నిలబడ్డ పిల్లాడు కూర్చునేవాడు. ఆ చూపు ఎమెట్ ఒక్కడి మీదే పనిచేసేది కాదు.

ఒక శనివారం కొత్తవాళ్ళ గుంపు కుట్ర పన్నింది. ఈ మహానుభావుడు దాటక ఎక్కడికి పోతాడో చూద్దామని, అందరూ అతని ముందు చేరి కార్లని నడక వేగానికి దించి, చేతులు బయటపెట్టారు. ఎమెట్ వాళ్ళకంటే నిదానించాడు. వాళ్ళు ఇంకా నిదానించారు. అతను ఇంకా. చూస్తుండగా ట్రాక్ మీద పెళ్ళి ఊరేగింపు తయారైంది, బాజాలు ఒక్కటే తక్కువ. చేలోంచి ఒక టర్కీ కోడి వచ్చి, రోడ్డు దాటబోయి ఆగి, ఎమెట్ చెయ్యి చూపిస్తే అప్పుడు దాటింది.

వాండా అందర్నీ లోపలికి పిలిచి, "నీకేం రోగమయ్యా? ఆ కుడికాలు ఒక్కసారి నొక్కితే పోయేదేముంది?" అంది.

"పాపం, వాళ్ళకేదో తొందరున్నట్టుంది, వెళ్ళనీ అనుకున్నాను."

"నడుస్తున్నార్రా బాబూ వాళ్ళు!"

"అదే, వాళ్ళ తొందర వాళ్ళది" అన్నాడు ఎమెట్.

ఇలా నవ్వులాటగా సాగిపోతుంటే బ్రెంట్ హాల్వర్సన్ వచ్చి పుల్ల పెట్టాడు. బ్రెంట్ పళ్ళ డాక్టరు. ఆరితేరినవాళ్ళ గుంపులో నడుపుతాడు. క్లబ్బులో భద్రత సంగతి చూడమని ఆ ఏడు అతన్ని ఎన్నుకున్నారు, అప్పట్నుంచీ కళ్ళు నెత్తి మీదున్నాయి. జూన్‌లో ఒక శనివారం పొద్దున్నే వాండా దగ్గరికొచ్చాడు.

"దాటడం చేతకానివాడు ట్రాక్ మీద ప్రమాదం. కమిటీలో తేల్చేశాం. సాయంత్రం గేటు మూసేలోపు ఎమెట్ ఒక్క కారునైనా దాటాలి. ముందువాడు చెయ్యి చూపించాక, పద్ధతిగా. మీరు కళ్ళారా చూసి సరే అనాలి. లేదంటే వచ్చే వారం నుంచి అతను రానక్కర్లేదు."

"ఎక్కడ దాటాలి?"

"గేటు లోపల ఎక్కడైనా సరేనండీ. నేనంత కఠినుణ్ణి కాను" అని, తన పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

వాండాకి ఒళ్ళు మండింది. కానీ కమిటీ మాట కమిటీ మాటే. ఎమెట్‌కి కబురు చెబితే అతని మొహం ఒక్కసారి చిన్నబోయింది. ఆ ట్రాక్ తప్ప అతనికి ఇంకో సరదా లేదు. తాగుడు లేదు, పేకాట లేదు. చేపలు పట్టడానికి వెళ్ళినా పక్కవాడి గాలం ముందు మునగాలని చూసే రకం.

"ఒక్కరినేగా?" అన్నాడు చివరికి.

"ఒక్కరినే. పక్క సీట్లో నేను కూర్చుంటాను. చెయ్యి కనబడగానే నొక్కు, అంతే."

ఆ రోజే నొరీన్ అనే ఆమె మొదటిసారి వచ్చింది. స్కూలు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. వాండాకి బస్సు దగ్గర తెలిసిన మనిషి. సంతకి వెళ్ళొచ్చే బూడిదరంగు కారే వేసుకొచ్చింది, వెనక సీట్లో ఉల్లిపాయ పొట్టు ఇంకా ఉంది. పొద్దున మొదటి రౌండ్లలో ఎమెట్ కారు తప్ప గుంపులో ఉన్న ప్రతి కారూ ఆమెని దాటింది. ఒక్కొక్కటీ రెండుసార్లు. కారు దిగేసరికి హెల్మెట్ లోపల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను వెళ్ళిపోతాను మేడమ్. అందరికీ అడ్డంగా ఉన్నాను. నాలాంటివాళ్ళు రావాల్సిన చోటు కాదిది."

"మధ్యాహ్నం ఒక్కసారి చూడు తల్లీ. అప్పటికీ బాలేకపోతే నేనే గేటు తీస్తాను" అంది వాండా. అని తన గొడవలో తను పడిపోయింది.

మధ్యాహ్నం రౌండ్లు మొదలయ్యాయి. ఎమెట్ పక్కన వాండా బెల్టు బిగించుకుని కూర్చుంది. మూడో మలుపు దాటేసరికి వాళ్ళ ముందు బూడిదరంగు కారు. తిన్నటి దారి రాగానే నొరీన్ చెయ్యి బయటికొచ్చింది. వేలు ఎడం పక్కకి చూపిస్తోంది. ఇంతకంటే తేలికైన బేరం ఎమెట్‌కి జన్మలో దొరకదు.

"నొక్కు!" అంది వాండా.

ఎమెట్ నొక్కలేదు.

"ఓరి నాయనా, నొక్కవయ్యా! పద్ధతిగా చెయ్యి చూపిస్తోంది!"

"ఆ చెయ్యి చూడు, అమ్మాయ్" అన్నాడు ఎమెట్.

వాండా చూసింది. చెయ్యి గజగజ వణుకుతోంది.

"ఇప్పుడు నేను కూడా దాటానంటే, సాయంత్రం ఇంటికెళ్ళి తాళంచెవి వంటింటి సొరుగులో పడేస్తుంది. మళ్ళీ రాదు."

"నువ్వు దాటకపోతే నువ్వు రావు!"

ఎమెట్ కారుని పిట్‌లోకి తిప్పేశాడు. వాండా తలపట్టుకుంది, హెల్మెట్ ఉండబట్టి సగమే అందింది. పిట్ చివర నిలబడ్డ జెండా మనిషి కిటికీ దగ్గరికొచ్చి, "బాత్రూం అటుంది ఎమెట్" అన్నాడు.

"తెలుసు బాబూ. కాస్సేపు ఇక్కడే ఉంటాం."

"మరైతే లోపలికి ఎందుకొచ్చాం?" అంది వాండా.

ఎమెట్ అద్దంలో ట్రాక్ వైపే చూస్తున్నాడు. బూడిదరంగు కారు చుట్టూ తిరిగి చివరి మలుపులో కనబడగానే, "వెళ్ళొచ్చా?" అని జెండా మనిషిని అడిగి, సరిగ్గా నొరీన్‌కి ముందుగా ట్రాక్ ఎక్కాడు.

వాండాకి అప్పుడు బుర్ర వెలిగింది. ఇన్నేళ్ళుగా ఆ కుండీ, ఆ వేళాకోళం, రేడియోల్లో ఆ నవ్వులు. ఒంటికొచ్చీ కాదు, మరోటీ కాదు. వెనకబడిపోయి ఏడుపు మొహం పెట్టిన కొత్తవాడి ముందుకి రావడానికి ఈయన పిట్‌లో మాటు వేస్తున్నాడు!

ఆ తర్వాతి రౌండులో ఎమెట్ నడిపిన తీరుని వాండా టీచరు కళ్ళతో చూసింది. ప్రతి మలుపులోనూ ఎక్కడ బ్రేకు వెయ్యాలో అక్కడే వెనక దీపాలు వెలిగించాడు. ఎక్కడ మలుపు లోపలి అంచుని రాసుకుంటూ వెళ్ళాలో అక్కడే రాసుకుంటూ వెళ్ళాడు. ఆ భారీ కారు అతని చేతిలో లాలపోసిన పసిబిడ్డలా ఒదిగి ఉంది. వెనక నొరీన్ ఆ దీపాల్నే పట్టుకుని వస్తోంది. మొదటి మలుపులో దూరంగా, నాలుగో మలుపులో దగ్గరగా, చివరి మలుపుకొచ్చేసరికి తోకకి ఆనుకుని.

తిన్నటి దారి వచ్చింది. పీత రంగు చెయ్యి బయటికెళ్ళింది. ఎమెట్ కుడికాలు పూర్తిగా పైకెత్తేశాడు. పక్కనుంచి బూడిదరంగు కారు శక్తినంతా కూడగట్టుకుని, ఇంజన్ కీచుమంటుంటే, మెల్లగా, చాలా మెల్లగా దాటింది. తెరిచిన కిటికీలోంచి నొరీన్ కేక రెండు కార్ల ఇంజన్లనీ మించి వినబడింది. ఆ కేకలో మాట లేదు, ఉత్త ఆనందం.

వాండా ఆ కేకని గుర్తుపట్టింది. ఎప్పుడో తను మొదటిసారి ఈ ట్రాక్ మీద ఒక కారుని దాటినప్పుడు వేసిన కేక అదే. అప్పుడు కూడా ఆ కారు గుమ్మడిపండు రంగే. ఇన్నాళ్ళూ తన ప్రతాపమనుకుంది.

"అప్పుడు నువ్వు నన్ను కావాలనే పోనిచ్చావు కదూ?" అంది.

"నేను మొట్టమొదట వచ్చిన రోజు అందరూ నన్ను దాటారు. నేనెవర్నీ దాటలేదు. ఇంటికెళ్ళి రెండేళ్ళు కారు మీద దుప్పటి కప్పి ఉంచాను" అన్నాడు ఎమెట్. "ఒక్కరు నన్ను పోనిచ్చి ఉంటే ఆ రెండేళ్ళు కలిసొచ్చేవి. అంతే సంగతి. నువ్వు బావున్నావా? ఇప్పుడు నిజంగానే నాకు బాత్రూం అవసరం పడింది."

అతను అటు వెళ్ళగానే, సాసేజ్‌లు కాల్చే పొయ్యి దగ్గర వాండా జనాన్నంతా పోగేసింది. "మీరు మీ బతుకులో మొట్టమొదట దాటిన కారు ఏ రంగు?" అని అడిగింది. ఒకడు నవ్వబోయి ఆగాడు. ఇంకొకడు సాసేజ్ నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. బ్రెంట్ ఆవాలముద్ద సీసా వైపు తీక్షణంగా చూస్తూ నిలబడ్డాడు. అతను మొదటిసారి దాటిన రోజున చిన్నపిల్లాడిలా గంతులేసి అందరికీ బీరు పోయించిన సంగతి వాండాకి బాగా గుర్తుంది.

సాయంత్రం ఇళ్ళకి బయల్దేరారు. గేటు ఒక్కటే. ఎప్పటిలాగే అందరి తర్వాత వెళ్దామని ఎమెట్ వరస చివర్లో నిలబడ్డాడు. దాటలేదు కనుక ఇదే ఆఖరిసారని అతనికి తెలుసు. పక్కన ఇర్మా పట్టాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందున్న కార్లు ఎందుకో కదలడం లేదు.

కదలకపోగా, అన్నీ ఒక పక్కకి ఒరిగి ఆగాయి. ముందు నొరీన్ చెయ్యి బయటికొచ్చింది, ఈసారి వణకలేదు. ఆ తర్వాత ఆమె కారుకి ముందు కారులోంచి ఒకటి, దాని ముందు దాంట్లోంచి ఒకటి. గేటు దాకా వరసగా చేతులు. అన్ని వేళ్ళూ ఎడం పక్కకే చూపిస్తున్నాయి.

"వద్దు వద్దు, మీరు వెళ్ళండి!" అని ఎమెట్ తన చెయ్యి బయటపెట్టాడు.

ఇర్మా ఆ చేతిని పట్టి లోపలికి లాగింది. "పాదిరిగారి కారు పొగలు కక్కింది చాలదూ? ఈసారి నేను నడిచి వెళ్ళను. నొక్కు."

ఎమెట్ నొక్కాడు. మనిషి నడిచేంత వేగంతో, చెవుల దాకా ఎర్రబడి, ప్రతి కిటికీ దగ్గరా "క్షమించాలి, క్షమించాలి" అంటూ దాటుకుంటూ వెళ్ళాడు. అందరికంటే ముందు, గేటుకి ఆనుకుని బ్రెంట్ కారుంది. దాని కిటికీ మూసే ఉంది. ఎమెట్ ఆగిపోయాడు, చెయ్యి చూపించందే దాటడు కదా. వెనక జనం హారన్లు మోగించారు. కాసేపటికి అద్దం జానెడు దిగి, అందులోంచి ఒక్క వేలు బయటికొచ్చింది.

"గేటు లోపలే!" అని గేటు పక్కనుంచి వాండా అరిచింది. "కళ్ళారా చూశాను. మొత్తం క్లబ్బుని దాటాడు. వచ్చే శనివారం కొత్తవాళ్ళ గుంపులోనే, ఎప్పటి చోటులోనే!"

గుమ్మడిపండు రంగు కారు గేటు దాటింది. ఇరవై గజాలు వెళ్ళి రోడ్డు పక్కన ఆగింది. అందులోంచి ఎర్రటి చెయ్యి బయటికొచ్చి, వెనకాల వస్తున్న వాళ్ళందరికీ మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి అని దారి చూపించడం మొదలుపెట్టింది.